మన విచారణలో (పారిష్‌లో) గ్రెగోరియన్ గానం: ఒక్క కీరియేతో మొదలుపెట్టే పద్ధతి

కొన్నేళ్ల కిందట ఒక క్రిస్మస్ అర్ధరాత్రి పూజకు మా గాయక బృందం ‘మిస్సా దే ఆంజెలిస్’ అనే లాటిన్ పూజా గీతాల వరుస మొత్తం నేర్చుకుంది. రెండు వారాలపాటు రోజూ రాత్రి తొమ్మిది దాకా సాధన చేశాం. ఆ రాత్రి గ్లోరియా (మహిమ గీతం) ఎక్కడా తడబడకుండా పాడాం. గుడి నిండా ఉన్న జనం నోరు మెదపకుండా నిలబడి విన్నారు. పూజ అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, “చాలా బాగా పాడారమ్మా, మరి మేమెప్పుడు పాడాలి?” అని అడిగారు.

ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. తర్వాతి తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో) పని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి గాయక బృందం కోసం కాకుండా బెంచీల్లో కూర్చున్నవారి కోసం, ఒక్క కీరియేతో, అంటే ‘ప్రభువా, కనికరించు’ అని వేడుకొనే చిన్న ప్రార్థనతో. విజయవాడ, గుంటూరు మేత్రాసనాల్లో (బిషప్పుల పరిధుల్లో) ఏ విచారణలోనైనా ఇదే దారిలో వెళ్లవచ్చని నా నమ్మకం. నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీరే నమ్మాలి: ఇది మనకు పరాయిది కాదు

గ్రెగోరియన్ గానం అంటే కతోలిక శ్రీసభ పూజలో పాడే పాత గానం, ఎక్కువగా లాటిన్‌లో. అందులో అందరిదీ ఒకే స్వరం. శ్రుతి కలిపే వేరే గొంతులు ఉండవు, తాళం ఉండదు, వాయిద్యం అవసరం లేదు. మాట ఎక్కడ సాగితే రాగం అక్కడ సాగుతుంది, వాక్యం ఆగితే ఆగుతుంది. పాశ్చాత్య సంగీతానికి అలవాటుపడిన చెవికి ఇది వింతగా తోచవచ్చు. మనకు మాత్రం పద్యం ఉంది. బడిలో తెలుగు మాస్టారు రాగయుక్తంగా పద్యం చదివినప్పుడు ఎవరూ చేత్తో తాళం వేయలేదు. యతి దగ్గర చిన్న విరుపు, పాదం చివర కాస్త నిలుపు, భావం బరువెక్కిన చోట దీర్ఘం. నాటకాల్లో పద్యం పాడేవారు దీన్ని ఇంకా చాలా దూరం తీసుకువెళ్లారు. గాయక బృందానికి మొదటి రోజు నేను చెప్పేది ఇదే: పాట పాడవద్దు, పద్యం చదవండి. ఈ ఒక్క మాటతో సగం పాఠం పూర్తవుతుంది.

లాటిన్ కూడా మన ఊరికి కొత్త కాదు. ఆటో ఎక్కి ‘మారిస్ స్టెల్లా కాలేజీ’ అని చెప్పే ప్రతివారూ లాటిన్ మాటలు పలుకుతున్నట్టే. సముద్రతార అని దాని అర్థం. మరియమాతను ఆ పేరుతో పిలిచే ‘ఆవే మారిస్ స్టెల్లా’ శతాబ్దాలుగా పాడుతున్న గీతం.

శ్రీసభ ఏం చెప్పిందో తెలిసి ఉండండి

‘రెండో వాటికన్ మహాసభ తర్వాత లాటిన్ తీసేశారు కదా’ అని తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 1963లో వెలువడిన ఆ మహాసభ ఆరాధన శాసనంలో 116వ అంశం గ్రెగోరియన్ గానాన్ని రోమను ఆరాధనకు సొంతమైనదని గుర్తించి, మిగతా షరతులు సమానంగా ఉన్నప్పుడు దానికి అగ్రస్థానం ఇవ్వాలని చెబుతుంది. 54వ అంశం విశ్వాసులు పూజలో తమ భాగాలను లాటిన్‌లో కూడా చెప్పగలిగేలా, పాడగలిగేలా చూడమంటుంది. 1974లో ఆరవ పౌలు పోపు ‘యూబిలాతే దేయో’ అనే చిన్న పుస్తకాన్ని ప్రపంచంలోని బిషప్పులందరికీ పంపారు. ప్రతి విచారణకూ తెలిసి ఉండవలసిన సులభమైన రాగాలను అందులో చేర్చారు. 2025 మే 11న పద్నాలుగవ లియో పోపు సెయింట్ పీటర్స్ బాల్కనీ నుంచి ‘రెజీనా చేలి’ అనే మరియమాత గీతాన్ని స్వయంగా పాడారు. ఆ వీడియో చూపిస్తే యువతకు వేరే వాదన అవసరం ఉండదు.

అదే శాసనంలోని 119వ అంశాన్ని కూడా చదివి వినిపించండి. మిషన్ ప్రాంతాల ప్రజల సొంత సంగీత సంప్రదాయానికి తగిన గౌరవం ఇవ్వాలని అది చెబుతుంది. తెలుగు కీర్తనను తోసేసి లాటిన్‌ను తెచ్చే పని ఇది కాదని మీరు మనసారా నమ్మితేనే ఎదుటివారు నమ్ముతారు.

ఫాదర్ గారితో మాట్లాడటం

విచారణ గురువుల అనుమతి లేకుండా ఒక్క స్వరం కూడా మొదలుపెట్టవద్దు. అడిగేటప్పుడు ‘గ్రెగోరియన్ గానం ప్రవేశపెడదాం ఫాదర్ గారూ’ అనకండి. అంత పెద్ద మాట ఎవరినైనా భయపెడుతుంది. ‘ఈ తపస్సుకాలంలో ఆరు ఆదివారాలు కీరియే మాత్రం పాత రాగంలో పాడతాం, పూజ సమయం ఒక్క నిమిషం కూడా పెరగదు’ అని చెప్పండి. తపస్సుకాలాన్నే ఎంచుకోవడానికి గట్టి కారణం ఉంది. ఆ రోజుల్లో వాయిద్యాలు పాటకు ఆసరాగా మాత్రమే మోగాలని పూజాగ్రంథం సాధారణ నియమావళి చెబుతుంది. నాలుగో ఆదివారానికి, మహోత్సవాలకు, పండుగలకు మాత్రమే మినహాయింపు ఉంది. కాబట్టి కీబోర్డు రిథమ్ ఆపమని మీరు ఎవరితోనూ పోట్లాడవలసిన అవసరం లేదు, నియమమే ఆపుతుంది.

ఇంకొక చిన్న విషయం కూడా అప్పుడే తేల్చుకోండి. పశ్చాత్తాప ప్రార్థనలో మూడో రూపాన్ని వాడితే అందులోనే కీరియే వచ్చేస్తుంది, మళ్లీ విడిగా పాడకూడదు. మొదటి రూపాన్ని, అంటే అందరూ కలిసి పాపాన్ని ఒప్పుకొనే జపాన్ని ఎంచుకోమని కోరండి. ఇది ముందుగా మాట్లాడుకోకపోవడం వల్ల ఒక ఆదివారం మా గుడిలో కీరియే రెండుసార్లు వచ్చింది.

పెద్దవాళ్లను వెతకండి

మీ విచారణలో డెబ్బై అయిదేళ్లు దాటినవారి ఇళ్లకు ఒకసారి వెళ్లండి. 1960ల నడిమికి ముందు పూజ లాటిన్‌లోనే జరిగేది. చిన్నప్పుడు బలిపీఠం దగ్గర సేవ చేసినవారికి, సిస్టర్ల దగ్గర చదువుకున్నవారికి, పాత ఉపదేశుల (ఊళ్లలో జపాలు నేర్పినవారి) పిల్లలకు ఆ రాగాలు ఇంకా గుర్తుంటాయి. ఆరాధన వేళ పాడే ‘తాంతుం ఎర్గో’ మొదటి పాదం ఎత్తుకొని చూడండి, రెండో పాదం వాళ్లే అందుకుంటారు. ఆ పెద్దమ్మలను, తాతయ్యలను ఆదివారం మొదటి వరుసల్లో కూర్చోమని అడగండి. గాయక బృందం ఒక మూలనుంచి పాడుతుంటే జనం వింటారు. పక్కన కూర్చున్న ముసలమ్మ పాడుతుంటే మనం కూడా గొంతు కలుపుతాం.

ఏవి, ఏ వరుసలో

నా వరుస ఇది. మొదట పదహారో పూజలోని కీరియే. రెండోది పద్దెనిమిదో పూజలోని ఆఞుస్ దేయి (‘దేవుని గొర్రెపిల్లా’), ఆ వెనుకే అదే పూజలోని సాంక్తుస్ (‘పరిశుద్ధుడు’). ఈ అంకెలు కీరియాలే అనే సంపుటంలో పద్దెనిమిది పూజలకు ఇచ్చినవి. ‘యూబిలాతే దేయో’లో ఉన్నవీ ఇవే. మూడూ తక్కువ స్వరాల మధ్య తిరుగుతాయి, పైస్థాయికి ఎగబాకవు. ఆ తర్వాత మరియమాత ప్రార్థన ‘సాల్వే రెజీనా’ సులభ రాగం, ‘తాంతుం ఎర్గో’. గ్లోరియా రెండో సంవత్సరానికి ఉంచండి. క్రేదో (విశ్వాస ప్రకటన) ఇంకా తర్వాత. పరలోక జపం జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. తల్లి ఒడిలో నేర్చుకున్న తెలుగు మాటలవి, వాటిని తీసేసినట్టు ఎవరికీ అనిపించకూడదు.

పలకడం: తెలుగు నోటికి ఉన్న బలం, బలహీనత

లాటిన్‌లోని త, ద మన దంత్యాలే. ఇంగ్లీషు బడుల్లో చదివిన పిల్లలు ‘సాంక్టస్’ అంటారు. ‘సాంక్తుస్’ అనాలి. పాత ఉపదేశులు సరిగ్గానే అనేవారు. అచ్చులు మన ఆ, ఎ, ఇ, ఒ, ఉ లాగే శుభ్రంగా వినిపిస్తాయి. ‘ఆఞుస్’లోని ధ్వనికి మన వర్ణమాలలో అక్షరమే ఉంది. రోజువారీ రాతలో దాదాపు పక్కన పెట్టేసిన ఞ ఇక్కడ చక్కగా పనికొస్తుంది.

బలహీనత మాట చివర ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి హల్లుతో ముగిసే మాటకు మనకు తెలియకుండానే ఉకారం తగిలిస్తాం. ‘దోమినుస్’ కాస్తా ‘దోమినుసు’ అవుతుంది, ‘పాచెమ్’ కాస్తా ‘పాచెము’ అవుతుంది. రెండువందల మంది కలిసి పాడితే ఆ ‘సు’ గుడంతా మోగుతుంది. మందు ఒకటే. చివరి అచ్చును ఎంతసేపు కావాలంటే అంతసేపు పట్టుకొని, హల్లును చివరి క్షణంలో అందరూ ఒకేసారి మూయాలి. నేను చేత్తో పిడికిలి బిగించి చూపిస్తాను. పాడకుండా మాటలు మాత్రమే చదువుతూ ఒక సాధన రోజంతా దీనికే ఇవ్వండి.

జనానికి ఇచ్చే కాగితంపై తెలుగు లిపిలోనే రాయండి:

కీరియే ఎలేయిసోన్ (ప్రభువా, కనికరించు)
క్రీస్తే ఎలేయిసోన్ (క్రీస్తువా, కనికరించు)

ఆఞుస్ దేయి, క్వి తోల్లిస్ పెక్కాతా ముండి,
మిసెరేరే నోబిస్.
(లోక పాపాలను తొలగించే దేవుని గొర్రెపిల్లా, మాపై దయచూపు.)
మూడోసారి: దోనా నోబిస్ పాచెమ్. (మాకు శాంతిని ప్రసాదించు.)

కీరియే గ్రీకు మాట, లాటిన్ కాదు. ఆ సంగతి చెప్పండి, పిల్లలు ఆసక్తిగా వింటారు. అర్థం లేకుండా ఏ కాగితమూ ఇవ్వకండి. అక్షరాలు ముసలివారి కళ్లకు ఆనేంత పెద్దవిగా ఉండాలి.

నాలుగు గీతల నోటేషన్ చదవడం

గాయక బృందంలో ఇద్దరు ముగ్గురికి వస్తే చాలు. గ్రెగోబేస్ వెబ్‌సైటులో దాదాపు అన్ని రాగాలూ ఉచితంగా దొరుకుతాయి. ఐదు గీతలకు బదులు నాలుగు, గుండ్రటి గుర్తులకు బదులు చతురస్రాలు ఉంటాయి. ఎడమ చివర ‘సి’ అక్షరంలా ఉన్న గుర్తు ఏ గీతపై ఉంటే అది ‘దో’. దాన్ని మన షడ్జమం అనుకొని స రి గ మ లెక్కపెట్టుకోవచ్చు. ‘దో’ ఏ శ్రుతిలో ఉండాలన్న నిబంధన ఏదీ లేదు, మీ గుడి జనం గొంతుకు సరిపోయేలా పెట్టుకోండి. రెండు చతురస్రాలు ఒకదానిపై ఒకటి ఉంటే కిందిది ముందు పాడాలి. పక్కన చుక్క ఉంటే ఆ స్వరాన్ని రెట్టింపు సేపు పట్టుకోవాలి. నక్షత్రం గుర్తు వరకు ఒక్కరే పాడి, అక్కడినుంచి అందరూ అందుకుంటారు. నిలువు గీత పూర్తిగా ఉంటే ఊపిరి తీసుకోవాలి, పొట్టిగా ఉంటే మాట కాస్త విరిస్తే చాలు.

కర్ణాటక సంగీతం వచ్చినవారు మీ బృందంలో ఉంటే వాళ్లు త్వరగా నేర్చుకుంటారు. ‘రే’ మీద నిలిచే మొదటి రెండు మోడ్‌ల (ఈ గానంలోని స్వర వర్గాల) స్వరాలు ఖరహరప్రియవే. ‘సోల్’ మీద నిలిచే ఏడు, ఎనిమిది మోడ్‌లవి హరికాంభోజివి. ‘సాల్వే రెజీనా’ సులభ రాగం స గ ప ద ప అని శంకరాభరణం స్వరాలతో మొదలవుతుంది. అయితే స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. గమకం పూర్తిగా మానాలి. స్వరాన్ని ఊపకుండా, జారకుండా, తిన్నగా పట్టుకోవాలి. సంగీతం బాగా వచ్చిన వారికే ఇది కష్టం. వారితో సాధన వేళ తంబురా శ్రుతి పెట్టుకొని ఒక్కో స్వరాన్నీ కదలకుండా పాడించండి. ఫోన్లో శ్రుతిపెట్టె యాప్ ఉన్నా చాలు.

సాధన, ఆ తర్వాత ఆరు ఆదివారాలు

విభూతి బుధవారానికి మూడు వారాల ముందు మొదలుపెట్టండి. శనివారం సాయంత్రం మామూలు సాధనలో ఇరవై నిమిషాలు మాత్రమే తీసుకోండి. అది కూడా మొదట్లోనే, గొంతులు అలసిపోకముందు. నేను పంక్తి పంక్తిగా నా గొంతుతో ఫోన్లో రికార్డు చేసి బృందం వాట్సాప్‌లో పెడతాను. మఠాల్లో సన్యాసులు పాడిన రికార్డింగులు అందంగా ఉంటాయి కానీ, అవి వింటే ‘మన వల్ల కాదు’ అనిపిస్తుంది. తెలిసిన గొంతు వింటే ధైర్యం వస్తుంది.

తపస్సుకాలం మొదటి ఆదివారం, పూజకు అయిదు నిమిషాల ముందు మైకు దగ్గరికి వెళ్లి కీరియే మొదటి పంక్తి పాడండి. జనంతో రెండుసార్లు అనిపించండి. చరిత్ర చెప్పవద్దు, ఉపన్యాసం ఇవ్వవద్దు. పూజలో ఒక్కరు పంక్తి ఎత్తుకోవాలి, అందరూ దాన్నే తిరిగి అనాలి. జనం వంతు వచ్చినప్పుడు బృందం మైకుల శబ్దం తగ్గించి, నాయకురాలు మైకునుంచి పక్కకు జరగాలి. మైకులో ఎకో తీసేయండి. కాంక్రీటు కప్పు గుడుల్లో అది మాటను మింగేస్తుంది.

మొదటి ఆదివారం పదిమంది పాడతారు. అది చాలు. రెండో వారం ముప్పై. మూడో వారం ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి ‘ఇది అర్థం కావడం లేదు’ అంటారు. ఆ మాటను గౌరవించండి, కాగితంలోని అర్థం చూపించండి, రాగం మార్చకండి. నాలుగో ఆదివారం వాయిద్యాలకు అనుమతి ఉన్నా కీరియే మాత్రం వాయిద్యం లేకుండానే ఉంచండి. అలవాటు అప్పుడే గట్టిపడుతోంది. అయిదో ఆదివారంనుంచి ఆఞుస్ దేయి చేర్చండి. ఫాదర్ గారు రొట్టె విరవడం మొదలుపెట్టగానే ఎత్తుకోవాలి, సమాధాన నమస్కారాలు ముగిసేదాకా ఆగి ఆ తర్వాత హడావిడి పడకూడదు. మట్టల ఆదివారానికి చాలామంది కాగితం చూడకుండానే పాడతారు.

ఎండాకాలం వచ్చాక విజయవాడలో కొత్త సాధనలు పెట్టవద్దు. నేర్చుకున్నదాన్ని నిలుపుకుంటే చాలు. మళ్లీ అక్టోబరులో, జపమాల నెలలో ‘సాల్వే రెజీనా’ మొదలుపెట్టండి. జపమాల చివర ఆ ప్రార్థనను తెలుగులో అందరూ రోజూ చెబుతారు కాబట్టి అర్థం చెప్పే పని ఉండదు.

గుణదల మాత ఉత్సవాల్లో, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మొదటిసారి పాడదామని ఉత్సాహపడేవారు ఉంటారు. వద్దని చెబుతాను. లక్షలమంది జనం, లౌడ్‌స్పీకర్ల మధ్య ఈ గానం నిలవదు. సొంత విచారణలో రెండేళ్లు గడిచాక కొండ దగ్గర చిన్న వేకువజాము పూజలో పాడండి.

అదే రాగంలో తెలుగు కీర్తన

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. లాటిన్ రాగపు చట్రంలో తెలుగు మాటను కూర్చవచ్చు. బైబిల్లోని కీర్తనలు పాడే స్వరరూపాలు ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదోది మన నోటికి బాగా సరిపోతుంది. దాని నిర్మాణం ఇది: ఎత్తుగడ మూడు స్వరాలు, మంద్ర ప, ద, ఆపైన స. తర్వాత మాటలన్నీ ‘స’ మీదే నడుస్తాయి. చరణం సగం దగ్గర ఒక మాట ‘రి’కి ఎగసి ‘స’కు తిరిగి వస్తుంది. రెండో సగం మళ్లీ ‘స’ మీదే నడిచి, చివర ని స ద ప అని దిగుతుంది.

‘ప్రభువు నాకు కాపరి, నాకు ఏ లోటూ రాదు’ అనే మాటలు తీసుకోండి. ‘ప్ర భు వు’ కు ప ద స. ‘నాకు’ స మీద. ‘కా’ రి మీద, ‘పరి’ స మీద. అక్కడ ఊపిరి. ‘నాకు ఏ’ స మీద. ‘లో టూ రా దు’ కు ని స ద ప. పాడి చూడండి, మాట ఎక్కడా నలగదు.

అలా కుదరడానికి కారణం ఉంది. లాటిన్‌లో మాటలోని ఊత ఎక్కడ పడితే రాగం అక్కడ కదులుతుంది. తెలుగులో అలాంటి గట్టి ఊత లేదు. దానికి బదులు ఛందస్సులోని గురువు ఉంది. కాబట్టి రాగం మలుపు తిరిగే స్వరాన్ని చివరి గురువు మీద పెట్టండి. పైన ‘కా’, ‘రా’ రెండూ దీర్ఘాలే. లఘువు మీద పెడితే ఆ అక్షరాన్ని బలవంతంగా సాగదీయాల్సి వస్తుంది, ‘కాపరీ’ అని వినిపించి మాట పాడైపోతుంది. మరీ పొడుగు క్రియాపదాలు చరణం చివర వస్తే ముందే గుర్తుపెట్టుకొని, ఏ అక్షరంనుంచి దిగాలో పెన్సిల్‌తో గీత గీసుకోండి. పఠనాల కీర్తనను ఇలా పాడాలంటే ఆమోదం పొందిన తెలుగు పాఠాన్నే వాడండి, రాగం కోసం మాటలు మార్చవద్దు.

కీబోర్డు తమ్ముడిని నొప్పించకుండా

బృందంలో ఎక్కువగా బాధపడేది కీబోర్డు వాయించే అబ్బాయే. తన పని పోయిందనుకుంటాడు. అతనికి మొదటి స్వరం ఇచ్చే బాధ్యత అప్పగించండి. పూజలో శ్రుతి పడిపోతోందో లేదో అతని చెవే చెప్పాలి. ఎక్కువసేపు నిలిచే స్వరం కీబోర్డులో జి, ఎ మెట్ల దగ్గర ఉండేలా చూడమనండి. అంతకంటే పైకి పోతే మగవాళ్లు ఆపేస్తారు, కిందికి పోతే ఆడవాళ్ల గొంతు వినపడదు. మా దగ్గర వాయించే తమ్ముడు ఇప్పుడు నాకంటే బాగా చతురస్రాలు చదువుతాడు.

మృతుల పూజకు సిద్ధంగా ఉంచుకోండి

అంత్యక్రియలు చెప్పి రావు. మంగళవారం మధ్యాహ్నం పూజ అంటే కీబోర్డు తమ్ముడు ఆఫీసులో ఉంటాడు, పిల్లలు కాలేజీలో ఉంటారు. వచ్చేది నలుగురు అక్కలు, ఇద్దరు పెద్దవాళ్లు. వాయిద్యం అక్కర్లేని గానం విలువ ఆ రోజు తెలుస్తుంది. కీరియే, ఆఞుస్ దేయి జనానికి వచ్చే ఉంటాయి. పెట్టెను గుడినుంచి బయటికి తీసుకువెళ్లేటప్పుడు పాడే ‘ఇన్ పారదీసుం’ను మాత్రం బృందం వేరుగా నేర్చుకోవాలి. దేవదూతలు నిన్ను పరలోకానికి తోడ్కొని పోవుదురు గాక అని దాని అర్థం. నడుస్తూ పాడవలసినది కాబట్టి కంఠస్థం చేయండి. అర్థం రాసిన ముప్పై కాగితాలు లామినేట్ చేయించి సాక్రిస్టీ (పూజ సామగ్రి ఉంచే గది) అల్మారాలో, పూజావస్త్రాల పక్క అరలో పెట్టండి. తాళం ఎవరి దగ్గర ఉంటుందో బృందంలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.